చెప్పులు కుట్టే చేతులు, పిడికెడు బియ్యం: తెలుగు క్రైస్తవ సంఘాల్లో దైనందిన శ్రమ - ప్రార్థన - పవిత్రత

1899లో వెలువడిన ఒక ఆంగ్ల గ్రంథం పేరు ‘వైల్ సూయింగ్ శాండల్స్’. ‘చెప్పులు కుట్టుకుంటూ’ అని దానిని తెలుగు చేయవచ్చు. రచయిత్రి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో పనిచేశారు. ఆ మిషన్‌ను విస్తరింపజేసిన జాన్ ఎవరెట్ క్లౌ ఆమె భర్త. మాదిగ కుటుంబాలలో వినిపించిన కథలు, గురుపరంపరల వృత్తాంతాలు, ఆ కుటుంబాలు క్రైస్తవంలోకి వచ్చిన తీరు ఈ గ్రంథానికి వస్తువు. ఒక మతాంతరీకరణ చరిత్రకు పెట్టిన పేరులో ప్రార్థన లేదు, దేవాలయం లేదు, గ్రంథం లేదు. ఉన్నది పని. అదీ తోలుపని. ఊరికి ఆ పని ఫలం కావాలి, చేసిన చెయ్యి మాత్రం తగలకూడదు.

నిత్యకృత్యాలలో పవిత్రతను వెదకడం క్రైస్తవ చింతనలో పాత భావనే. కాని అది తెలుగు పల్లెకు వచ్చేసరికి ఎదుర్కొన్న ప్రశ్న మారిపోయింది. యూరప్‌లో అడిగిన ప్రశ్న: చిన్న పని కూడా దైవారాధన కాగలదా? ఒంగోలు పరిసరాల్లో, ఆ తరువాత దోర్నకల్ పరిసరాల్లో అడగవలసి వచ్చిన ప్రశ్న: అపవిత్రమని ఊరంతా ముద్ర వేసిన పని ఆరాధన కాగలదా? కాగలిగితే ఆ పనిని చేస్తూనే ఉండాలా, మానాలా? ఈ రెండో ప్రశ్నకు అక్కడి సంఘాలు సిద్ధాంత గ్రంథాల్లో సమాధానం రాయలేదు. ఆదివారం నాడు పనికి వెళ్లకపోవడంలో, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడంలో ఆ సమాధానం కనిపిస్తుంది.

పూర్వరంగం

ఆరవ శతాబ్దిలో ఇటలీలో బెనెడిక్టు తన మఠవాసుల కోసం రాసిన నియమావళి 48వ అధ్యాయం దినచర్యను ప్రార్థనకు, చదువుకు, చేతిపనికి పంచుతుంది. సోమరితనాన్ని ఆత్మకు శత్రువుగా పరిగణిస్తుంది. 31వ అధ్యాయంలో ఇంకా లోతైన మాట ఉంది. మఠంలోని పనిముట్లను, పాత్రలను బలిపీఠం మీది పవిత్ర పాత్రలతో సమానంగా చూడాలని కొఠారు అధికారికి చెప్పడం అది. గడ్డపార, వంటకుండ, ప్రభుభోజన పాత్ర ఒకే వరుసలోకి వచ్చాయి. (‘ప్రార్థించు, పనిచెయ్యి’ అనే ప్రసిద్ధ సూత్రం ఆ నియమావళిలోనిదని చాలామంది రాస్తుంటారు. అది తరువాతి కాలపు సంగ్రహం.) పదహారవ శతాబ్దిలో లూథర్ ఈ భావనను మఠం గోడలు దాటించాడు. ఇల్లు ఊడ్చే దాసి పని సన్యాసి ఉపవాసానికి తీసిపోదన్నది ఆయన వాదం.

తోలుపనికి ఈ చరిత్రలో ఒక చోటు ఉంది. శ్రీరాంపూర్ మిషన్‌ను నెలకొల్పినవారిలో ఒకడైన విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికినవాడు. ఒక విందులో ఎవరో ఎత్తిపొడుపుగా ‘చెప్పులు చేసేవాడు కదా’ అంటే, ‘కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమే’ అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ మిషన్ ముద్రణాలయం నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఇంగ్లండులో చెప్పులు కుట్టడం పేదరికానికి గుర్తు, అంతే. కేరీ ఆ పని వదిలేశాక అది అతని ఒంటికి అంటుకుని ఉండలేదు. తెలుగు పల్లెలో పరిస్థితి అది కాదు. తోలు ముట్టని మాదిగ కూడా మాదిగే. పనిని బట్టి మనిషికి విలువ రావడం లేదు. పుట్టుకను బట్టి పని, పనిని బట్టి మైల వస్తున్నాయి. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని 1936లో అంబేద్కర్ చేసిన విశ్లేషణ సరిగ్గా ఈ భేదం మీద నిలిచింది. ఈ భేదాన్ని పక్కనపెట్టి ‘శ్రమే ఆరాధన’ అనే మాటను యూరప్ నుంచి నేరుగా దించుకుంటే, ఆ మాట పెత్తందారుకు ఎంతో సౌకర్యంగా ఉంటుంది.

ఒంగోలు: పని మానడంతో మొదలు

ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు వాడు. తోళ్ల వ్యాపారి. క్రైస్తవం గురించి వినడానికి ముందే రాజయోగ సాధనలో శిక్షణ పొందినవాడు. ఈ సంగతిని చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు. మౌనంగా కూర్చోవడం, గురువు చెప్పినదాన్ని నెమరువేసుకోవడం, పని మధ్యలో మనసును ఒకచోట నిలపడం అతనికి మిషనరీ నేర్పిన అలవాట్లు కావు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుల్లో చర్మకారుడైన కక్కయ్యను సంప్రదాయం గుర్తుంచుకుంది. మాదిగవాడల్లో అటువంటి గురుసంప్రదాయాలు లోతుగా వేరూనాయని ఎమ్మా క్లౌ గ్రంథం చూపుతుంది. పేరయ్య తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూనే క్రైస్తవ బోధ విన్నాడు, 1866లో బాప్తిస్మం పొందాడు, ఆపైన తన వాడల్లో తానే బోధకుడయ్యాడు. అంటే ఆ బోధ మొదట వృత్తిదారుడు నడిచిన దారుల వెంటే నడిచింది.

1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది. కొత్తగా చేరేవారికి క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మిషన్ చరిత్రలు ఈ మూడింటిని నైతిక నియమాలుగా నమోదు చేసి ముందుకు సాగిపోతాయి. మాదిగవాడ ఆర్థిక జీవితం తెలిసినవారికి అవి అంతకు మించినవిగా కనబడతాయి.

మాదిగ కుటుంబం రైతుకు చెప్పులు, వార్లు, నీళ్లు తోడే కపిల బాన సమకూర్చాలి. కళ్లాల కాలంలో దానికి బదులుగా మేర అందుతుంది. చచ్చిన పశువు కళేబరం ఊరి నుంచి తీసుకుపోవడం బాధ్యత. ఆ తోలు, ఆ మాంసం కూడా ప్రతిఫలంలో భాగమే. కనుక రెండో షరతును పాటించడమంటే తిండి అలవాటు మార్చుకోవడం మాత్రమే కాదు, కూలిలో ఒక భాగాన్ని వదులుకోవడం. కరువుసీమలో అది చిన్న త్యాగం కాదు. మూడో షరతును పాటించడమంటే జాతరలో డప్పు కొట్టకపోవడం. ఊరి దేవత ముందు డప్పు మోగకపోతే పూజే సాగదు. అది విశ్వాస విషయమని మాదిగ అనుకున్నా, ఊరికది కట్టుబాటు ధిక్కారం.

అన్నిటికంటే బరువైనది మొదటి షరతు. కపిల బాన చిరిగితే అది ఆదివారమా, సోమవారమా అని రైతు చూడడు. మడిలో నీళ్లు ఆగిపోతాయి. కోతలప్పుడు అసలే ఆగదు. అటువంటి రోజున ‘ఈవేళ ప్రార్థన రోజు, రేపు వస్తాను’ అని మాదిగ అనడం ఊరి చరిత్రలో కొత్త వాక్యం. ఊరు జవాబు చెప్పింది. పని నుంచి తొలగించడం, బావులకు, దారులకు అడ్డుకట్ట వేయడం, తప్పుడు నేరాలు మోపడం వంటి వేధింపులను క్లౌ ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ వివరిస్తుంది. ఆయన మరణానంతరం 1914లో వెలువడిన ఆ గ్రంథాన్ని కూర్చినది ఎమ్మా క్లౌయే.

ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. బెనెడిక్టు మఠంలో పవిత్రత పనిలో నుంచి వచ్చింది. ఒంగోలు పల్లెల్లో పని మానడంలో నుంచి వచ్చింది. నిజానికి ఇది వైరుధ్యం కాదు. మానే అధికారం లేనివాడు చేసేది కానుక కాలేదు. వారంలో ఒక రోజు తనది అని చెప్పగలిగాకే మిగిలిన ఆరు రోజుల పనిని అతడు దేవునికి అర్పించగలిగాడు. బైబిల్లోనే విశ్రాంతి దిన నియమానికి ఒక కారణంగా ఐగుప్తు దాస్యం నుంచి విడుదల కనిపిస్తుంది. ఆ నియమం దాసులకు, పశువులకు కూడా వర్తిస్తుంది. క్లౌ ఆ షరతు పెట్టినప్పుడు దాని ఫలితాలన్నీ ఊహించి పెట్టాడని చెప్పలేం. అమెరికన్ బాప్టిస్టు ఇళ్లలో ఆదివారం మామూలు ఆచారం. మాదిగవాడలో అది మామూలుగా ఉండలేకపోయింది.

కాలువ గట్టున

1876-78 నాటి కరువును తెలుగువారు ధాత కరువుగా గుర్తుంచుకున్నారు. బకింగ్‌హాం కాలువ తవ్వకం అప్పుడు కరువు పనిగా సాగింది. యువకుడిగా అమెరికాలో సర్వే పని చేసిన క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. సంఘ బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. తవ్వకానికి వచ్చినవారిలో మాల, మాదిగలే కాక ఇతర కులాలవారూ ఉన్నారు. పని ఆగిన వేళల్లో బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

కరువు సాయం సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. గంజి కోసం చేరారన్న మాట పడకూడదన్నది ఉద్దేశం. 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, జులై 3న ఒక్కరోజే వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ సంఖ్య అమెరికన్ పత్రికలను ఆశ్చర్యపరిచింది. నేటికీ మిషన్ చరిత్రలు దాని దగ్గరే ఆగిపోతాయి. ఈ వ్యాసాంశానికి సంబంధించినంతవరకు సంఖ్య కంటే కాలువ గట్టే ముఖ్యం. పుట్టుకతో అంటగట్టని పని అక్కడ దొరికింది. తవ్విన మట్టికి కూలి వచ్చింది. పని చూపించిన మేస్త్రీ తమవాడే. సాయంత్రం ప్రార్థన చేయించినదీ అతడే. శ్రమ, కూలి, ప్రార్థన ఒకే మనిషి చుట్టూ చేరడం ఆ జనానికి అంతకు ముందు ఎరుకలేనిది. అదే మనిషి మేస్త్రీ కావడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా విస్మరించరాదు. పని ఇచ్చేవాడు, దేవుని మాట చెప్పేవాడు ఒక్కడే అయినప్పుడు వినేవాడి స్వేచ్ఛ ఎంత? బాప్తిస్మాలు ఆపడం ద్వారా క్లౌ ఈ ప్రశ్నను గుర్తించాడని మాత్రం అంగీకరించాలి.

దోర్నకల్: ఎసటి ముందు ప్రార్థన

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లలన్‌విలైలో 1874లో జన్మించాడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న మరణించేవరకు దోర్నకలే ఆయన కార్యక్షేత్రం. సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన బృహద్గ్రంథం ఆయన జీవితాన్ని, గాంధీతో ఆయనకున్న విభేదాలను విస్తృతంగా చర్చించింది.

దోర్నకల్ మండల సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. పగలంతా దొర పొలంలో, వెట్టిలో గడిచేవారికి పగటి ఆరాధన కుదరదు. కాబట్టి పల్లెల్లో ప్రార్థన పొద్దుగూకాక జరిగేది. పొలం నుంచి వచ్చినవారు కాళ్లు కడుక్కుని గుడిలోనో, చెట్టు కిందనో చేరేవారు. చదవడం రానివారు వాక్యాలను, ప్రార్థనలను, పాటలను నోటికి నేర్చుకునేవారు. నేర్చుకున్నవి మర్నాడు నాటులోనూ కోతలోనూ తిరిగి నోటికి వచ్చేవి. ప్రార్థన పొలానికి వెళ్లింది ఆ దారినే.

ఆ సంఘాల్లో అజరయ్య బలంగా ప్రోత్సహించిన ఆచారం పిడికెడు బియ్యం. ఇల్లాలు వంటకు బియ్యం కొలుచుకున్నప్పుడల్లా, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం చివర ఆ గింజలు గుడికి చేరతాయి. జొన్న, సజ్జ తిని బతికే మెట్టప్రాంతాల్లో గింజ ఏదన్నది ముఖ్యం కాదు, పిడికెడు ముఖ్యం. కానుకల విషయం మీద అజరయ్య ఒక పుస్తకమే రాశాడు. ఆయన దృష్టిలో ఇది సంఘ పోషణకు ఆధారం. విదేశీ ధనం మీద ఆధారపడే సంఘం ఎన్నటికీ స్వతంత్రం కాదని ఆయన గట్టి నమ్మకం. బిషప్ దృష్టి నుంచి చూస్తే ఇది ఆర్థిక ప్రణాళిక.

వంటింటి నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది. తెలుగు సమాజంలో పవిత్రతకు అత్యంత కఠినమైన హద్దు వంట దగ్గరే ఉంది. మడి కట్టుకోవడం, అంటు, ఎంగిలి, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగవచ్చు అన్న లెక్కలన్నీ పొయ్యి చుట్టూ తిరుగుతాయి. ఆ లెక్కల్లో మాల, మాదిగ స్త్రీ చేతికి చోటే లేదు. ఆమె పండించిన ధాన్యం ఊరు తింటుంది, ఆమె ముట్టిన కుండను తాకదు. అటువంటి చేయి తీసిన పిడికెడు గింజలు దేవుని సన్నిధిలో కానుకగా చేరాయి. ఆ చేతిని ముందు శుద్ధి చేయలేదు, ఆ పొయ్యి దగ్గర మడి కట్టలేదు. రోజూ జరిగే పని జరిగే చోటనే, దాని మధ్యలో నుంచే కానుక తీశారు. కడుపు నిండాక మిగిలింది ఇవ్వడం కూడా కాదిది. తినకముందే, చాలదని తెలిసి కూడా తీయడం. బెనెడిక్టు నియమావళి వంటపాత్రకు, బలిపీఠం పాత్రకు మధ్య చూపిన సమానత్వం తెలుగు నేల మీద ఈ కుండలో ఎక్కువ అర్థవంతమైంది. ఎందుకంటే ఇక్కడ ఆ కుండను నిరాకరించే సమాజం ఎదురుగా నిలబడి ఉంది.

కోతపండుగలోనూ ఇదే రీతి కనిపిస్తుంది. ధాన్యం, కూరగాయలు, కోళ్లు, మేకలు ఆరాధన స్థలానికి వస్తాయి, వేలంలో అమ్ముడవుతాయి. పండించిన భూమి తమది కాకపోయినా, పండించిన శ్రమ తమదని ఆ పండుగ ప్రకటిస్తుంది. 1939 జనవరి 6న దోర్నకల్‌లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ భారతీయ, ఇస్లామిక్ వాస్తురీతుల మేళవింపుకు ప్రసిద్ధం. కళాచరిత్రకారులు దాని గుమ్మటాలను, స్తంభాలను వర్ణిస్తారు. ఆ మండల చరిత్రలో పిడికిళ్ల లెక్క కూడా అంతే ప్రసిద్ధం కావలసింది.

ఆధారాల విషయంలో ఒక మాట అవసరం. ఒంగోలు గురించి తెలిసేది క్లౌ దంపతుల రచనల నుంచి, దోర్నకల్ గురించి తెలిసేది ఎక్కువగా బిషప్, మిషనరీల రాతల నుంచి. ఎమ్మా క్లౌ విన్న కథలు తెలుగులో చెప్పినవి, ఆంగ్లంలో మిగిలినవి. పిడికెడు తీసిన స్త్రీ దాని గురించి ఏమనుకుందో ఆమె మాటల్లో లేదు. ఆమె చేసిన పని మాత్రం అనుదినం పునరావృతమైనది కనుక, ఆచారంగా నిలిచింది కనుక, దానిని ఒక వాఙ్మూలంగా చదవడం తప్పు కాదు.

దాసులారా అన్న పిలుపు

ఏ పని చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్లు చేయాలనే బోధ కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. శ్రమ పవిత్రతను గురించి చేసే ప్రసంగాల్లో అది తప్పక వినిపిస్తుంది. ఆ మాట ఎవరితో చెప్పినదో చాలా ప్రసంగాల్లో వినిపించదు. దానికి ముందు వాక్యం దాసులను సంబోధిస్తుంది. వెట్టిచాకిరీ చేసే తెలుగు కూలీకి ఈ వాక్యం రెండు రకాలుగా వినబడగలదు. దొర చూడకపోయినా నిజాయితీగా పనిచెయ్యి అన్నది ఒకటి. నీ యజమాని దొర కాడు అన్నది మరొకటి. మొదటి అర్థం దొరకు నచ్చుతుంది. రెండో అర్థాన్ని ఒంగోలు పల్లెలు ఆదివారం నాడు ఆచరణలో పెట్టాయి.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం చివర యొప్పేలో పేతురు బస చేసిన ఇంటి యజమాని సీమోనును తెలుగు బైబిలు ‘చర్మకారుడు’ అంటుంది. తరువాతి అధ్యాయంలో, ఏదీ నిషిద్ధం కాదని పేతురుకు దర్శనం కలిగింది ఆ ఇంటి మేడమీదనే. చర్మకారుని ఇల్లు యూదు ఆచారంలోనూ అంత శుచిగా భావించినది కాదు. తెలుగు దళిత క్రైస్తవానికి ఇంతకంటే దగ్గరి కథ కొత్త నిబంధనలో లేదనవచ్చు. అయినా తెలుగు వేదాంత రచనల్లో ఈ ఇంటికి దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు. పేతురు దర్శనం గుర్తుంది, దాని కింద ఎండుతున్న తోళ్లు గుర్తులేవు.

భాషలోనూ ఈ మరపు కనిపిస్తుంది. బైబిలు తెలుగులో ‘పరిచర్య’ అన్నది వడ్డించడం, కాళ్లు కడగడం వంటి ఇంటి పనుల నుంచి వచ్చిన భావన. వాడుకలో ‘పరిచర్య’, ‘సేవ’ అన్నవి క్రమంగా పాస్టరు చేసే పనికి పరిమితమయ్యాయి. ‘సేవలో ఉన్నాడు’ అంటే బోధకుడని అర్థం. బడిపంతులు, నర్సు, కూలీ, చెప్పులు కుట్టేవాడు ‘విశ్వాసులు’ మాత్రమే. పేరయ్య కాలంలో తోళ్ల మూటతో తిరిగే మనిషే బోధకుడు. ఒకే దేహంలో ఉన్న రెండు పనులు మూడు నాలుగు తరాల్లో విడిపోయాయి. చదువు, ఉద్యోగాలు, మిషన్ ఆసుపత్రులు, బడులు తెచ్చిన మార్పు ఇందుకు ఒక కారణం. మోటారు పంపులొచ్చి కపిల బాన కనుమరుగవడం మరో కారణం. తోలుపని మానడం అవమానం నుంచి విడుదల. అందులో సందేహం లేదు. ఆ విడుదలతోపాటే చేతిపని గుడి బయటే ఉండిపోవడం ఆ విడుదలకు అవసరమైన షరతు కాదు.

క్లౌ మిషన్ విస్తరించిన ప్రాంతంలోనే, వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. అందులో నాయకుడు అరుంధతీసుతుడు. చెప్పులు కుట్టి బతికేవాడు. పగలు ఊరికోసం కష్టపడి, రాత్రి గుడిసెలో దీపం దగ్గర కూర్చుని, ఎగురుతూ లోపలికి వచ్చిన గబ్బిలంతో కాశీలోని శివుడికి తన విన్నపం పంపుతాడు. గుడి లోపలికి గబ్బిలం వెళ్లగలదు, అతడు వెళ్లలేడు. రచయిత క్రైస్తవుడు, ప్రార్థన శివుడికి. ఈ విశేషం మీద విమర్శకులు చాలా రాశారు. ప్రార్థించేవాడి వృత్తి మీద, ఆ ప్రార్థన పనిదినం ముగిశాక, పనిచేసిన చేతులతోనే, ఏ శుద్ధీ లేకుండా జరిగిందన్న సంగతి మీద రాసింది తక్కువ. తాళ్లకొండపాడు నుంచి వినుకొండ ఎంతో దూరం కాదు.